జపాన్ గుళ్ళన్నీ తిప్పాను, "దేవుడు కనబడలేదేంట్రా" అంటోంది మా అమ్మ

తూర్పుకిటికీ (నిషికసాయ్, టోక్యో)

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు అమలాపురం నుంచి వచ్చి మూడు వారాలైంది. సెలవు దొరికినప్పుడల్లా గుళ్ళకి తిప్పుతున్నాను. అసకుసాలో సెన్సోజి, హరజుకు పక్కన మెయిజీ జింగు, మొన్న శని ఆదివారాలు క్యోటో. నిన్న రాత్రి అన్నాల దగ్గర అమ్మ ఒక్క మాటతో నా మూడు వారాల కష్టాన్నీ తీసి పక్కన పెట్టేసింది: "అన్నీ బానే ఉన్నాయిరా. ఒక్క గుళ్ళోనూ దేవుడు కనబడలేదు."

ఆలోచిస్తే నిజమే. 628లో ఇద్దరు అన్నదమ్ములు సుమిదా నదిలో వల వేస్తే కన్నోన్ (కరుణకి ప్రతీకైన బౌద్ధ దేవత) విగ్రహం దొరికిందని సెన్సోజి స్థలపురాణం. ఆ విగ్రహాన్ని ఎవరికీ చూపించరు. జనం మూసిన మందిరం ముందు చిల్లర వేసి, దణ్ణం పెట్టుకుని పోతారు. మెయిజీ జింగులో అయితే విగ్రహమన్నదే లేదు. మెయిజీ చక్రవర్తికీ ఆయన రాణికీ 1920లో కట్టిన గుడి అది. అడవి లాంటి తోట దాటుకుని, గులకరాళ్ళ మీద కాళ్ళీడ్చుకుంటూ వెళ్తే చివర్న ఒక మండపం, అంతే. "ఇంతమందీ దేనికి దణ్ణం పెడుతున్నారు?" అని అడిగింది అమ్మ. నా దగ్గర జవాబు లేదు.

ప్రసాదం లేదు, ప్రదక్షిణ లేదు అని ఇంకో రెండు ఫిర్యాదులు. నాన్నకి ఏ ఫిర్యాదూ లేదు. ఏ గుళ్ళోనూ చెప్పులు పోలేదన్న ఆనందం ఇంకా దిగలేదాయనకి.

పెద్దవాళ్ళని తిప్పినవాళ్ళు ఉంటే చెప్పండి. ఇంకా ఎక్కడికి తీసుకెళ్ళమంటారు? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కువుంటే కష్టం.

కొత్తవలస కుర్రాడు

అన్నా, అమ్మగారికి సింహాచలం గుర్తు చెయ్యండి. అప్పన్నని ఏడాదంతా ఎవరు చూస్తున్నారు? మనకి కనిపించేది చందనం ముద్దే కదా. నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. మా తాత బతికున్నన్నాళ్ళూ ఆ రోజు క్యూలో నిలబడ్డాడు గానీ, మిగతా 364 రోజులూ దేవుడు కనబడలేదని ఎప్పుడూ అనలేదు.

తూర్పుకిటికీ

చదివి వినిపించాను. "చందనమైనా కనబడుతుంది కదా బాబూ" అంది. కేసు కొట్టేశారు.

హనుమకొండ హరిత

ఆంటీని నారాకు తోల్కపోండి. తొదాయిజి గుడిల బుద్ధుడు 15 మీటర్లు ఉంటడు. కనబడలేదు అనడానికి ఛాన్సే లేదు. మేం పోయినేడు నవంబర్ల పోయినం. గేటు దాటంగనే మా అత్తమ్మ చేతులు జోడించి అట్లనే నిలబడ్డది, ఎనకున్నోళ్ళు పక్కకెళ్ళి పోతున్నరు. అప్పటిదాకా రైళ్ళల్ల తిరిగి తిరిగి కాళ్ళు గుంజుతున్నయని ఒకటే సతాయింపు. అక్కడ మాత్రం సప్పుడు లేదు.

ఎనకాల ఒక కంబానికి బొక్క ఉంటది. అది బుద్ధుని ముక్కురంధ్రమంత అంటరు. అండ్లకెళ్ళి దూరి అవతల పడితే పుణ్యం. మా చిన్నోడు బాణం లెక్క పోయిండు. మా ఆయన నడుమంట్ల ఇరికిండు. ఇద్దరు జపాన్ బడిపిల్లలు చేతులు వట్టి గుంజిన్రు. వీడియో ఉన్నది గానీ పెడితే విడాకులే.

జింకలతోని పైలం. 200 యెన్లకు బిస్కెట్ల కట్ట అమ్ముతరు, చేతుల పట్టుకుంటే చాలు గుంపు మీదికొస్తది. తల వంచి దండం పెడతయి. బిస్కెట్ ఇయ్యకుంటే కొరుకుతయి. నా చున్నీ కొస నమిలింది ఒకటి. కసుగా గుడి దేవుడు తెల్ల జింక మీద వచ్చిండని నమ్మకం, అందుకే వాటిని ఎవ్వలేమనరు.

పాతపుస్తకాల షాపు

హరిత గారు తొదాయిజి అన్నారు కాబట్టి ఒక సంగతి. ఆ బుద్ధుడికి 752లో కళ్ళు తెరిపించింది మన దేశం నుంచి వెళ్ళిన భిక్షువే, బోధిసేనుడు. 736లో చైనా మీదుగా జపాన్ చేరాడు. మన ప్రతిష్ఠల్లో నేత్రోన్మీలనం ఉంటుందే, అదే తంతు. కుంచెతో కనుపాపలు దిద్దాడు. ఆ కుంచెకి పొడుగాటి నీలం తాడు కట్టి, దాని కొసలు కిందున్న జనం పట్టుకున్నారు, కళ్ళు తెరిపించిన పుణ్యం అందరికీ అందాలని. కుంచె, తాడు రెండూ ఇప్పటికీ నారాలోనే షోసోయిన్ ఖజానాలో భద్రంగా ఉన్నాయి.

తాడు పట్టుకోవడమన్నది నాకు చాలా నచ్చింది. అందరూ దగ్గరికి వెళ్ళలేరు, తాడు మాత్రం అందరికీ అందుతుంది.

భారతీయుడు_1

చూశారా! అంతా మన దగ్గర్నుంచి వెళ్ళిందే. బెంజాయితెన్ అంటే సరస్వతి, తైషాకుతెన్ అంటే ఇంద్రుడు, బొన్‌తెన్ అంటే బ్రహ్మ. జపాన్ వాళ్ళు పూజించేది మన దేవుళ్ళనే. మనమే మర్చిపోయాం.

కోబె కోడలు

కొంచెం ఆగండి సార్. 11 ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి చెబుతున్నా. ఆ దేవతలు మన దేశం నుంచి బయల్దేరిన మాట నిజమే. కానీ మధ్య ఆసియా, చైనా, కొరియా తిరిగి, ప్రతిచోటా కొంత మారి, చివరికి ఇక్కడికొచ్చి ఇక్కడివాళ్ళయిపోయారు. మా వీధి చివర చెరువులో బెంజాయితెన్ గుడి ఉంది. ఆవిడ చేతిలో బివా అనే వీణలాంటి వాయిద్యం ఉంటుంది, పక్కన తెల్ల పాము. చదువుతో పాటు డబ్బూ ఇస్తుంది. కామకురలో జెనియారై బెంతెన్ గుహలో అయితే నోట్లూ నాణేలూ జల్లెడలో పోసి నీళ్ళతో కడుగుతారు, రెట్టింపవుతాయని. మన సరస్వతికి డబ్బు గొడవ ఎక్కడుందండీ? అది లక్ష్మి శాఖ కదా!

ఇక సూర్యదేవత అమతెరాసు, ఇనారి లాంటి కామిలు (షింటో దేవతలు) పూర్తిగా ఈ నేల దేవతలే. మా అత్తగారితో "మీ దేవుళ్ళు మావాళ్ళే" అని ఒకసారి అన్నాను, పెళ్ళయిన కొత్తలో. ఆవిడ నవ్వి టీ పోశారు. ఆ నవ్వుకి అర్థం నాకు ఐదేళ్ళకి తెలిసింది.

భారతీయుడు_1

నేను తప్పుగా ఏమీ అనలేదే. మూలం మనదే అన్నాను.

కోబె కోడలు

మూలం గురించి పేచీ లేదు. క్యోటోలో తోజి గుడికి వెళ్ళండి. అక్కడి కొదో మండపంలో 21 విగ్రహాలు. నాలుగు ముఖాల బ్రహ్మ హంసల మీద కూచుని ఉంటాడు, ఇంద్రుడు ఏనుగు మీద. చూడగానే గుర్తుపడతారు. కానీ ముఖాలు చూడండి, కవచాలు చూడండి, వాళ్ళు ఈ ఊరివాళ్ళే. లోపల ఫోటోలు తియ్యనివ్వరు, అదీ ఒకందుకు మంచిదే, కళ్ళతో చూస్తాం.

తూర్పుకిటికీ గారూ, అమ్మగారికి తోజి, దాంతోపాటు సంజూసన్‌గెందో చూపించండి. 1001 కన్నోన్ విగ్రహాలు బారులు తీరి నిలబడి ఉంటాయి, మండపం పొడవే 120 మీటర్లు. దేవుడు కనబడలేదన్న లోటు వడ్డీతో సహా తీరుతుంది. మెట్ల బాధ కూడా లేదు.

ఇంకో మాట. 1868 దాకా ఇక్కడ బుద్ధుడు, కామి ఒకే ప్రాంగణంలో కలిసి ఉండేవాళ్ళు. మెయిజీ ప్రభుత్వం వచ్చి వేరుకాపురం పెట్టించింది, ఇది బౌద్ధ గుడి, అది జింజా (కామిల గుడి) అని. అందుకే ఎక్కడ చప్పట్లు కొట్టాలో ఎక్కడ కూడదో మనవాళ్ళు తికమక పడతారు.

పప్పుచారు

ఆ తికమక నేను పడ్డాను. సెన్సోజిలో భక్తిగా రెండుసార్లు నమస్కరించి రెండు చప్పట్లు కొట్టాను, పెళాపెళా. పక్కన ముసలాయన ఉలిక్కిపడి చూశాడు. చప్పట్లు జింజాలోనట. టోరీ అనే కమాను గేటు ఉంటే జింజా. అక్కడ రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి. బౌద్ధ గుళ్ళో చేతులు జోడించి ఊరుకోవాలి, మనలాగే.

సెన్సోజిలో ఒమికుజి (జోస్యం కాగితం) కూడా తీశాను. 100 యెన్లు వేసి, డబ్బా ఊపితే పుల్ల పడుతుంది, దాని మీద అంకె చూసి ఆ సొరుగులోంచి కాగితం తీసుకోవాలి. నాకు 'క్యో' వచ్చింది, అంటే దరిద్రం. సెన్సోజిలో క్యోలు ఎక్కువ వస్తాయని పేరట, ముందే తెలిస్తే వేరే చోట తీసేవాణ్ణి. అక్కడే తీగకి కట్టేసి, వెనక్కి చూడకుండా వచ్చేశా. ఆ సాయంత్రమే ఫోన్ కిందపడి పగిలింది.

మరో విషయం: మేజోళ్ళు! ప్రతి చోటా బూట్లు విప్పాలి. నా కుడికాలి బొటనవేలు జెన్ గుడి మొత్తాన్నీ దర్శించుకుంది.

మలక్‌పేట్ మామ

😂😂 బొటనవేలి దర్శనం!

క్యోటోల ఫుషిమి ఇనారి గుడి గురించి ఎవరూ చెప్పరేంది? ఫోటోలల్ల ఎర్ర కమాన్లు ఖాళీగ ఉంటయి, పోయి చూస్తె బతుకమ్మ నాడు ట్యాంక్‌బండ్ లెక్క జనం. రాత్రింబగళ్ళు తెరిచే ఉంటది, టికెట్ లేదు. రెండోసారి పొద్దుగాల ఐదుంబావుకు పోయిన. నేను, ఇద్దరు ముసలోళ్ళు, ఒక పిల్లి. అప్పుడు తెలిసింది అది గుట్ట అని. 233 మీటర్లు. మెట్లెక్కుతుంటె కమాన్ల ఎనక దిక్కు నల్లటి రాత కనబడుతది. శ్లోకాలేమో అనుకున్న. ఒక జపాన్ దోస్తు చదివిచెప్పిండు: ఫలానా కంపెనీ, ఫలానా సంవత్సరం, ఫలానా నెల. దాతల పేర్లు! మన గుళ్ళల్ల ట్యూబ్‌లైటు మీద, ఫ్యాను రెక్క మీద రాస్తరు సూడు, అదే యవ్వారం. ఆ ముక్కతోని నాకు జపాన్ దగ్గరి సుట్టమైపోయింది.

ఇనారి అంటె వరి దేవత. నక్కలు ఆమె దూతలు. ఎలుకల్ని తింటయి గద, పంటకు కావలి.

తూర్పుకిటికీ

ఫ్యాను రెక్క సంగతి నాన్నకి చెప్పాను, అప్పట్నుంచి నవ్వుతూనే ఉన్నారు. మేం ఆ గుట్ట మధ్యలో ఉన్న యోత్సుత్సుజి దాకా కూడా ఎక్కలేకపోయాం. కిన్‌కాకుజి (బంగారు రేకుల మండపం) కూడా చూశాం, 500 యెన్ల టికెట్, జనం తోస్తుంటే ఒక ఫోటో, బయటికి. 1950లో ఒక యువ సన్యాసి తగలబెడితే 1955లో మళ్ళీ కట్టారని చెప్పాను. "అంత బంగారం వాడికి ఏం అన్యాయం చేసింది" అంది అమ్మ.

నల్లజర్ల నాగమణి

బాబూ, నాదో సందేహం. వచ్చే నెల మా అబ్బాయి దగ్గరికి వస్తున్నాను. మా తోడికోడలు పోయి ఇంకా నెల కాలేదు. ఇక్కడైతే గుడి గడప తొక్కం. అక్కడ వెళ్ళొచ్చా? వాళ్ళకీ మైల ఉంటుందా?

కోబె కోడలు

ఉంటుందండీ, చాలా పట్టింపు కూడా. దగ్గరివాళ్ళు పోతే సాధారణంగా 50 రోజులు జింజాకి వెళ్ళరు, టోరీ కింద నుంచి నడవరు. ఆ ఏడాది కొత్త సంవత్సరం కార్డులు పంపరు, "ఈసారి శుభాకాంక్షలు చెప్పలేం, మన్నించండి" అని ముందే ఉత్తరం రాస్తారు. బౌద్ధ గుడికి మాత్రం అభ్యంతరం లేదు, చావు కర్మలన్నీ అక్కడే కదా జరిగేది. మీరు జింజాలు వదిలేసి గుళ్ళకి వెళ్ళండి. మీ తోడికోడలి పేరు మీద ఒక అగరుబత్తి వెలిగించండి.

నల్లజర్ల నాగమణి

చల్లగా ఉండు తల్లీ. మనసు తేలికపడింది.

అప్పడం

ప్రసాదం లేదన్న పాయింటుకి వస్తాను. ఉంది! సెన్సోజి నుంచి పది నిమిషాలు నడిస్తే మత్సుచియామా షోదెన్ అని చిన్న దిబ్బ మీద గుడి. అక్కడి దేవుడు కాంగితెన్, అంటే మన వినాయకుడు. (భారతీయుడు గారూ, మొదలుపెట్టకండి.) ఇక్కడ రెండు ఏనుగు తలల దేవతలు కౌగిలించుకున్న రూపం, అదీ ఎవరికీ చూపించరు. గోడల మీదా మెట్ల మీదా ఎక్కడ చూసినా జంట ముల్లంగులు, డబ్బు సంచుల బొమ్మలు. కొబ్బరికాయ బదులు తెల్ల ముల్లంగి సమర్పించాలి! గుళ్ళోనే అమ్ముతారు. నైవేద్యం పెట్టిన ముల్లంగుల్ని తర్వాత భక్తులకి ఉచితంగా ఇస్తారు. ఆ మాటే 'ఒసాగారి', దేవుడి దగ్గర్నుంచి దిగివచ్చినది అని. ప్రసాదం అంటే ఇంకేంటండీ?

మేం ఆ ముల్లంగితో పులుసు పెట్టుకున్నాం. దిబ్బ ఎక్కడానికి బుల్లి లిఫ్టు బండి కూడా ఉంది, కాబట్టి మోకాళ్ళకి ఢోకా లేదు.

తూర్పుకిటికీ

అప్పడం గారూ, ఇది ఇంట్లో పెద్ద వార్త అయిపోయింది. అమ్మ రేపే వెళ్దామంటోంది. దణ్ణం కోసమా ముల్లంగి కోసమా తెలీదు.

బెంగుళూరు బాటసారి

కోయసాన్ గురించి రాయకుండా ఉండలేను. ఒసాకా నంబాలో రైలెక్కి, చివర్లో కేబుల్ కారు మారి కొండ ఎక్కాలి. 816లో కూకాయ్ అనే గురువు మొదలుపెట్టిన మఠాల ఊరు. ఓ గుడిలోనే రాత్రి బస. నేల మీద పరుపు, ఆరింటికల్లా భోజనం. ఉల్లి, వెల్లుల్లి, మాంసం, చేప ఏవీ లేని వంట. రుచి వెతుక్కోకండి, మన నాలుకకి చప్పగానే ఉంటుంది. నేను దాచుకున్న గోంగూర పచ్చడి తీశాను, పాపం తగిలితే తగలనీ అని.

తెల్లవారుజామున హోమం. వాళ్ళు 'గోమా' అంటారు, మాట అదే. మంటలో కట్టెపుల్లలు వేస్తూ మంత్రం చదువుతున్నారు. నాకు ఒక్క ముక్క తెలియట్లేదు. ఉన్నట్టుండి ప్రతి మంత్రం చివరా ఒకే మాట వినబడింది: "సోవాక". మొదటి రెండుసార్లు పట్టుకోలేదు. మూడోసారి ఒళ్ళు జలదరించింది. స్వాహా! పన్నెండు వందల ఏళ్ళుగా ఆ కొండ మీద స్వాహా అంటున్నారు. కళ్ళు మండింది పొగకే అని మా ఆవిడకి చెప్పాను.

మర్నాడు ఓకునోయిన్. దేవదారు చెట్ల మధ్య రెండు కిలోమీటర్ల దారి, అటూ ఇటూ రెండు లక్షలకి పైగా సమాధులు. చివర కూకాయ్ సమాధి. ఆయన 835లో పోలేదు, ధ్యానంలో కూర్చున్నాడని నమ్మకం. అందుకని రోజూ రెండుసార్లు పెట్టెలో అన్నం మోసుకెళ్ళి పెట్టి వస్తారు. ఆ పెట్టె మోసుకెళ్తుంటే చూశాను. ఆయన్ని మాత్రం ఎవరూ చూడరు. సమాధి ముందున్న వంతెన దాటాక ఫోటో కూడా తియ్యకూడదు.

భారతీయుడు_1

ఆ సోవాక సంగతికి ధన్యవాదాలు. ఇది నాకు తెలీదు. కోబె కోడలు గారూ, మీ మాట కూడా ఆలోచిస్తున్నాను.

పప్పుచారు

శాకాహారులకి చిన్న హెచ్చరిక: కోయసాన్ వంటకీ, గుడి బయట హోటల్ వంటకీ తేడా ఉంది. ఒక పెద్ద గుడి ఎదురుగా 'కూరగాయల నూడుల్స్' అని బోర్డు చూసి లాగించాం. రసంలో ఎండుచేప పొడి. అడిగితే "చేప కనబడదు కదా, రుచికే" అన్నాడు. ఇక్కడ కనబడనివన్నీ ముఖ్యమైనవే మరి.

పాతపుస్తకాల షాపు

ఆ ముక్క ఇసేకీ సరిగ్గా సరిపోతుంది. అమతెరాసు గుడి అది, జపాన్ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన జింజా. అక్కడ దేవతే కాదు, గుడీ కనబడదు. వరసగా కంచెలు, గేటుకి తెల్ల తెర. గాలి వస్తే తెర కొంచెం లేస్తుంది, అంతే దర్శనం. ఆ గుణ్ణి 20 ఏళ్ళకోసారి పక్క స్థలంలో కొత్తగా కట్టి, దేవతని అటు మార్చి, పాతది విప్పేస్తారు. 2013లో జరిగింది 62వసారి. మళ్ళీ 2033లో.

తూర్పుకిటికీ గారూ, అమ్మగారిని ఇసేకి తీసుకెళ్ళకండి, ఇంట్లో గొడవవుతుంది. నగానోలో జెంకోజికి తీసుకెళ్ళండి. టోక్యో నుంచి బుల్లెట్ రైలులో గంటన్నర. అక్కడి అమిదా బుద్ధుడి విగ్రహం వైశాలిలో చేసిందనీ, కొరియా మీదుగా వచ్చిందనీ కథ. గుడి అర్చకులు కూడా దాన్ని చూడరు. ఆరేళ్ళకోసారి నకలు విగ్రహం బయటికి తెస్తారు, పోయినసారి 2022లో. అప్పుడు దాని చేతి నుంచి ఒక దారం కట్టి బయట స్తంభానికి కలుపుతారు. స్తంభం ముట్టుకుంటే బుద్ధుణ్ణి ముట్టుకున్నట్టే. మళ్ళీ దారమే చూడండి.

మామూలు రోజుల్లో ఇంకోటి ఉంది. గర్భగుడి కిందికి మెట్లు దిగి, కారుచీకట్లో నడవాలి. మూసిన బుద్ధుడికి సరిగ్గా కింద, గోడకి ఒక తాళం. తడుముకుంటూ పోయి అది పట్టుకోవాలి. మెట్లు తక్కువే.

తూర్పుకిటికీ (రెండు వారాల తర్వాత)

రాస్తానన్నాను, ఆలస్యమైంది. జెంకోజికి వెళ్ళొచ్చాం.

ముందు బుద్ధుడి శిష్యుడు బింజూరు దగ్గర ఆగాం. చెక్క విగ్రహం, జనం రుద్ది రుద్ది ముఖం నున్నగా అయిపోయింది. మనకి ఎక్కడ నొప్పో ఆయనకి అక్కడ రుద్దాలి. అసలు పేరు పిండోల భరద్వాజుడు అని ఫోన్‌లో చదివి చెప్పాను. నాన్న నిటారుగా నిలబడ్డారు, "మన గోత్రమే!" అని. 2023లో ఆ విగ్రహాన్ని ఎవడో ఎత్తుకుపోతే అదే రోజు దొరికిందట, అది విని మరీ పొంగిపోయారు. అమ్మ రెండు మోకాళ్ళూ అరిగేలా రుద్దింది, తనవి కాదు, బింజూరువి.

తర్వాత చీకట్లోకి దిగాం. నిజంగా కారుచీకటి, కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ముందు నేను, నా చొక్కా పట్టుకుని అమ్మ, వెనక నాన్న. ఎవరో జపాన్ పిల్ల భయంతో ఏడుస్తోంది, వాళ్ళమ్మ ఏదో పాట పాడుతోంది. నాకు తాళం తగిలింది, ఇనుము చల్లగా. ఊపితే గణగణమంది. అమ్మ చెయ్యి తీసుకుని దాని మీద పెట్టాను. వదల్లేదు. వెనక లైను ఆగిపోయింది. "అమ్మా, పద" అంటే "ఉండరా" అంది. ఏం చేసిందో చీకట్లో తెలీదు.

బయటికొచ్చాక ఏమీ అనలేదు. దేవుడు కనబడలేదన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నాన్నకి మాత్రం తాళం తగల్లేదు. ఆయన ఎడం చెయ్యి పెట్టుకుని నడిచారట. అమ్మ ఆయన్ని మళ్ళీ టికెట్ కొనిపించి తీసుకెళ్ళింది, ఈసారి చెయ్యి పట్టుకుని. నేను బయట బూట్ల సంచీ పట్టుకుని నిలబడ్డాను.

ముల్లంగి కూడా తెచ్చుకున్నాం. సగం పులుసు, సగం పచ్చడి.

కొత్తవలస కుర్రాడు

అన్నా, చాలా బాగుంది. మా అమ్మని వచ్చే ఏడు తీసుకురావాలి.

హనుమకొండ హరిత

చేతులు పట్టుకుని పోయిన్రా! అంకుల్ కావాలనే ఎడమ చెయ్యి పెట్టిండేమో 😄

నల్లజర్ల నాగమణి

నేను 14న దిగుతున్నాను బాబూ. మా అబ్బాయితో నగానోకి టికెట్లు తియ్యమన్నాను. ఆ తాళం ఏ వైపు ఉంటుంది?

తూర్పుకిటికీ

కుడి వైపండీ. మెట్లు దిగినప్పట్నుంచీ కుడిచెయ్యి గోడకి ఆనించి ఉంచండి, నడుమెత్తులో. తొందరపడకండి, వెనకవాళ్ళు ఆగుతారు.